కాన్పుల వార్డులోకి కంప్యూటర్ తెచ్చుకోవడం ఎలా

కాన్పుల వార్డులో కంప్యూటర్ అనగానే చాలామందికి కళ్ళముందు కనిపించేది ఒకటే: మూలన ఒక టేబుల్, దానిమీద ఒక మెషిన్, దాని ముందు ఒక ఆపరేటర్, సాయంత్రానికి అతని పక్కన గుట్టగా పేరుకుపోయిన కేస్ షీట్లు. అలా పెడితే దమ్మిడీ లాభం లేదు, ముందే చెప్పేస్తున్నా. రిజిస్టర్ పనికి తోడు ఇంకో పని నెత్తిన పడుతుంది, అంతే. నేను లేబర్ రూమ్‌లో చాలా ఏళ్ళు నర్సుగా చేసి, తర్వాత ఈ రికార్డుల మార్పు బాధ్యత మీద వేసుకున్నదాన్ని. ఎక్కడ దెబ్బతిన్నానో అవే ఎక్కువగా రాస్తున్నా, మీ వార్డులో మీరు మొదలుపెట్టేటప్పుడు పనికొస్తాయని.

ఒక్క మాట మనసులో పెట్టుకుని చదవండి. గర్భిణి ఒక్కరే, చూసేవాళ్ళు పదిమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచన ప్రకారమే కాన్పులోపు కనీసం 8 సార్లు ఆమె వైద్య సిబ్బందిని కలవాలి. ఓపీలో ఒకరు, స్కాన్ దగ్గర ఇంకొకరు, ల్యాబ్‌లో వేరొకరు, చివరికి అర్ధరాత్రి నొప్పులతో వస్తే అప్పటిదాకా ఆమె మొహం కూడా చూడని డ్యూటీ డాక్టర్. ఆమె ఒకసారి చెప్పింది, మనం ఒకసారి కొలిచింది వీళ్ళందరికీ ఒకేలా కనపడాలి. కంప్యూటర్ వల్ల లాభమంటే అదే. కింద చెప్పే ప్రతి పనినీ ఈ మాటతోనే తూచి చూసుకోండి.

కొనకముందు పాత షీట్లు తిరగేయండి

ఏ సాఫ్ట్‌వేర్ బాగుంటుందని అడగడానికి ముందు, గత కొన్ని నెలల్లో అయిన కాన్పుల్లోంచి ఏరకుండా ఓ 50 కేస్ షీట్లు బయటికి తీయండి. బ్లడ్ గ్రూప్ రాసి ఉందా, ఈడీడీ, అంటే కాన్పు అవుతుందని వేసిన తేదీ, ఒకటే ఉందా లేక రెండు మూడు ఉన్నాయా, ప్రతిసారీ బీపీ చూశారా, హిమోగ్లోబిన్ చివరిసారి ఎప్పుడు చేశారు, బిడ్డ పుట్టిన టైము అన్నిచోట్లా ఒకేలా ఉందా అని ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టండి. ఒక మధ్యాహ్నం పని. మూడు నెలల తర్వాత కొత్త పద్ధతి వల్ల ఏం మారింది అని ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర ఉండేది ఈ కాగితమే. నేను మొదటిసారి ఇది చేయలేదు, తర్వాత చాలా నాలుక కరుచుకున్నాను.

ఒక సంగతి చెప్తాను. ఒక బాలింత డిశ్చార్జ్ కోసం బట్టలు సర్దుకుంటోంది. సమ్మరీ రాస్తున్న సిస్టర్ ఎందుకో కార్డు వెనక్కి తిప్పి చూస్తే, అక్కడ పెన్సిల్‌తో చిన్నగా రాసి ఉంది, ఆర్‌హెచ్ నెగటివ్ అని, అంటే ఆమె బ్లడ్ గ్రూప్ నెగటివ్. బిడ్డ గ్రూపేమో పాజిటివ్. ఇలాంటప్పుడు తర్వాతి కాన్పులో బిడ్డకి ముప్పు రాకుండా తల్లికి ఇచ్చే యాంటీ-డీ ఇంజెక్షన్ కాన్పయిన 72 గంటల్లోపు పడాలి, ఆ గడువుకి ఇంకా కొన్ని గంటలే మిగిలాయి. అదృష్టం కొద్దీ దొరికింది. నిజానికి 28 వారాలప్పుడే ఒకటి ఇవ్వాల్సింది, అదీ ఎవరి కంటా పడలేదు. ఇందులో ఎవరూ నిర్లక్ష్యంగా లేరు, సమాచారం ఉంది కూడా, చూడాల్సినవాళ్ళు చూసే చోట లేదు. మీ 50 షీట్లలోనూ ఇలాంటివి దొరుకుతాయి. వాటినే మీ మొదటి పనుల జాబితాగా పెట్టుకోండి.

గడులు తగ్గించండి

ఆమె పేరు గేటు దగ్గర్నుంచి డిశ్చార్జ్ దాకా ఎన్నిచోట్ల రాస్తున్నారో లెక్కపెట్టండి. ఓపీ చీటీ, ల్యాబ్ ఫారం, స్కాన్ ఫారం, అడ్మిషన్ రిజిస్టర్, కేస్ షీట్, కాన్పుల రిజిస్టర్, బిడ్డ షీట్, నెలవారీ రిపోర్టు. కొత్త పద్ధతిలో ఇవన్నీ ఒకే ఎంట్రీలోంచి రావాలి. సాఫ్ట్‌వేర్ చూపించడానికి వచ్చినవాళ్ళు స్క్రీన్ నిండా రంగురంగుల గడులు చూపించి మురిసిపోతారు. ప్రతి గడి దగ్గరా ఆగి ఒకటే అడగండి: దీన్ని తర్వాత ఎవరు చదువుతారు? సమాధానం లేకపోతే తీసేయమనండి. ఒక్కో గర్భిణికి నింపాల్సిన గడులు వందల్లో ఉంటే రద్దీగా ఉన్నరోజు సిస్టర్లు అన్నిట్లోనూ నార్మల్ అని నొక్కేసి ముందుకెళ్తారు. తప్పు వాళ్ళది కాదు.

డబ్బు పెట్టి కొనాల్సిందే అనేమీ లేదు. 2004లో మొదలైన ఓపెన్‌ఎంఆర్‌ఎస్, ఓస్లో యూనివర్సిటీ వాళ్ళు చూసుకునే డీహెచ్‌ఐఎస్2 లాంటి ఆరోగ్య రికార్డుల సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. నడపడానికి, మార్చుకోవడానికి మాత్రం తెలిసిన మనిషి కావాలి. ఏది తీసుకున్నా ఒప్పందంలో ఒక ముక్క రాయించుకోండి: మా సమాచారం మొత్తం మాకు కావాల్సినప్పుడు మామూలు ఫైలుగా బయటికి తీసుకోగలగాలి అని.

తేదీ ఒక్కటే ఉండాలి

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కాన్పుల వార్డులో సగం గొడవలు తేదీల దగ్గరే పుడతాయి.

ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు, అదే ఈడీడీ. చేత్తో వేసేటప్పుడు మనమంతా తొమ్మిది నెలలు కలిపి ఏడు రోజులు వేస్తాం. జనవరి 1కి అలా వేస్తే అక్టోబర్ 8 వస్తుంది, రోజులు లెక్కపెట్టినా 280 సరిగ్గా సరిపోతాయి. అదే మే 1కి వేసి చూడండి. వేళ్ళ లెక్కలో ఫిబ్రవరి 8, రోజుల లెక్కలో ఫిబ్రవరి 5. నెలలన్నీ ఒకే పొడవు ఉండవు కదా, మూడు రోజులు తేడా వచ్చేసింది. మూడు రోజులేగా అనుకోకండి. నెలలు నిండకుండా నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ 24 నుంచి 34 వారాల మధ్య అని లెక్క. 41 వారాలు దాటిందా లేదా అన్నదాని మీద నొప్పులు తెప్పించాలా అన్న నిర్ణయం ఉంటుంది. ఇలాంటి గీతల దగ్గర మూడు రోజులు చిన్నవేం కాదు.

కంప్యూటర్ ఈ లెక్క తప్పు చేయదు. కానీ తప్పు తేదీ ఇస్తే దాన్నీ అంతే కచ్చితంగా లెక్కేస్తుంది. అందుకని ఇలా సెట్ చేయించండి. ఆఖరి నెలసరి తేదీ పక్కనే, ఆమెకి అది కచ్చితంగా గుర్తుందా లేదా అన్న గడి ఉండాలి. మొదటి మూడు నెలల్లో స్కాన్ జరిగితే దాని తేదీ, అందులోని కొలత పక్కన పడాలి. 9 వారాల నుంచి 13 వారాల 6 రోజుల మధ్య తీసిన స్కాన్, నెలసరి లెక్కకి 7 రోజులకన్నా ఎక్కువ తేడాగా ఉంటే స్కాన్ తేదీ తీసుకోవడం ఎక్కువమంది పాటించే పద్ధతి, 9 వారాల లోపైతే 5 రోజులు. మీ డాక్టర్లు కూర్చుని ఏ లెక్క పాటిస్తారో ముందే తేల్చుకోవాలి. తేల్చాక ఒక డాక్టర్ ఆ తేదీని ఖాయం చేయాలి, తర్వాత అది తాళం పడిపోవాలి. ఎనిమిదో నెల స్కాన్‌లో బిడ్డ చిన్నగా కనిపించిందని ఎవరో ఈడీడీని ఇంకా తర్వాతి తేదీకి జరిపేస్తారు చూడండి, అది చాలా ప్రమాదం, ఎదుగుదల తక్కువగా ఉన్న బిడ్డ కాగితం మీద మామూలు బిడ్డయిపోతుంది. ఎవరైనా తాళం తీయాలంటే కారణం రాయాలి, పేరు పడాలి.

ఇంకోటి, పేరుతో మనిషిని వెతకొద్దు. ఒకే పేరుతో ఒకేరోజు ముగ్గురు వస్తారు, ఒకే మనిషి పేరు మూడు రకాల స్పెల్లింగులతో పడుతుంది. మొదటిరోజే ఒక నంబర్ ఇచ్చి, కార్డు మీద బార్‌కోడ్ వేసి, పేరుతోపాటు పుట్టిన తేదీ కూడా సరిచూసుకున్నాకే షీట్ తెరవండి.

అలర్టులు ఐదారు చాలు

మొదట్లో నాకు మహా ఉత్సాహం. అన్నిటికీ ఎర్ర రంగు పెట్టించాను. వయసు 35 దాటితే ఎరుపు, బరువు తక్కువైతే ఎరుపు, టాబ్లెట్లు వేసుకోకపోతే ఎరుపు. నెల తిరిగేసరికి ఆ ఎరుపు ఎవరికీ కనపడటం మానేసింది. చేత్తో క్లోజ్ కొట్టడం అలవాటైపోయింది, అందులో నిజంగా చూడాల్సింది ఒకటి ఉన్నా సరే. మళ్ళీ అన్నీ పీకేసి కొన్నే ఉంచాం. మీరు ఈ కొన్నిటితోనే మొదలుపెట్టండి: బీపీ 140/90 లేదా అంతకన్నా ఎక్కువ, హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ, ఆర్‌హెచ్ నెగటివ్, ఇదివరకు సిజేరియన్, 41 వారాలు నిండటం, రావాల్సిన రోజుకి రాకపోవడం.

వీటిలోనూ రెండు మెట్లు పెట్టుకోవాలి. 140/90 స్క్రీన్ మీద కనపడితే చాలు. 160/110 అయితే స్క్రీన్ మీద కనపడటం సరిపోదు, ఒక మనిషి ఫోన్ మోగాలి, ఆ మనిషి చూశానని నొక్కాలి, నొక్కకపోతే కాసేపటికి పై డాక్టర్ ఫోన్ మోగాలి. హిమోగ్లోబిన్ 7 లోపు పడినా అంతే. ఎవరి ఫోన్ మోగాలో డ్యూటీ చార్టు బట్టి మారేలా చూసుకోండి. సెలవులో ఉన్నవాళ్ళ ఫోన్ మోగితే ఏం లాభం!

అలర్టుకన్నా నాకు ఇష్టమైనది గ్రాఫు. 110/70, తర్వాతసారి 118/76, తర్వాత 128/84, ఆ పైన 136/88. నాలుగుసార్లూ నాలుగు వేర్వేరు పేజీల్లో రాస్తే నాలుగూ నార్మలే, ఎవరూ కంగారుపడరు. అవే నాలుగు చుక్కలు ఒక గీత మీద పైకి పాకుతూ కనపడితే, పదిహేను రోజుల తర్వాత రమ్మనే చోట ఈ వారంలోనే మళ్ళీ రమ్మంటారు, మూత్రంలో ప్రొటీన్ చూస్తారు. పొట్ట ఎత్తు కొలత కూడా అంతే, అంకె చెప్పని సంగతి గీత చెప్తుంది. అందుకే ఆమె షీట్ తెరవగానే మొట్టమొదట ఈ గీతలే కనపడాలి, అడ్రసు, ఫోన్ నంబర్ కాదు.

లేబర్ రూమ్‌లో

ఇక్కడ నిజం మాట్లాడుకుందాం. నొప్పులు ఎలా సాగుతున్నాయో ఎప్పటికప్పుడు గీయాల్సిన చార్టు పార్టోగ్రాఫ్, దాన్ని చాలాచోట్ల కాన్పయిపోయాక కూర్చుని గీస్తారు. అందంగా ఉంటుంది, గీత ఎక్కడా వంకరపోదు, ఎవరికీ ఉపయోగపడదు. కంప్యూటర్‌లో ఎంట్రీ పడిన టైము దానంతటదే నమోదవుతుంది కాబట్టి ఈ అలవాటు బయటపడుతుంది. మొదటి నెలలో సిబ్బంది కోపం చాలావరకు దీనికే. దీన్ని పట్టుకుని ఎవరినీ తిట్టకండి, తిడితే ఇంకా అందమైన అబద్ధాలు వస్తాయి.

ప్రతి నమోదుకీ రెండు టైములు ఉండాలి, పరీక్ష చేసిన టైము ఒకటి, ఎంట్రీ చేసిన టైము ఒకటి. చేతికి గ్లవుజులు, ఎదురుగా రక్తస్రావం, ఆ క్షణంలో ఎవరూ టైప్ చేయలేరు, చేయకూడదు కూడా. అలాంటప్పుడు గోడకి తగిలించిన కాగితం మీద ఒకరు టైములు రాస్తూ పోవాలి, ఏ మందు ఎప్పుడిచ్చారో, ఎంత రక్తం పోయిందో, తర్వాత అవి ఎక్కించాలి. రెండు టైములు ఉంటే ఆలస్యంగా ఎక్కించడం తప్పు కాదు, దాపరికం ఉండదు.

టాబ్లెట్ కంప్యూటర్ మంచం దగ్గరికి రావాలి. నర్సు మంచం దగ్గర్నుంచి టేబుల్ దాకా నడిచి ఎక్కించాల్సి వస్తే మధ్యలో ఇంకెవరో పిలుస్తారు, ఆ అంకె అరచేతి మీద రాతగానే మిగిలిపోతుంది. నొప్పులు ఊపందుకున్నాక బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి, తల్లి ముక్కుతున్నప్పుడు 5 నిమిషాలకోసారి వినాలి కదా, ఆ గడువు దగ్గరపడగానే చిన్న శబ్దం వచ్చేలా పెట్టించండి. ఒక్కో సిస్టర్ ఇద్దరు ముగ్గుర్ని చూసుకునేచోట ఇది ఎంత సాయమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో పార్టోగ్రాఫ్ ఏ తరందో కూడా చూడండి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన కొత్త లేబర్ కేర్ గైడ్‌లో చురుకైన నొప్పుల దశ గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర్నుంచి మొదలవుతుంది, గంటకో సెంటీమీటర్ అనే పాత అలర్ట్ గీత అందులో లేదు. పాత గీత ఉన్న ప్రోగ్రాం పెట్టుకుంటే అనవసరంగా కంగారుపెట్టేస్తుంది.

బిడ్డ గుండె గ్రాఫుని మెషినే చదివి చెప్పేస్తుందని ఎవరైనా అమ్మజూపితే కాస్త ఆగండి. బ్రిటన్, ఐర్లాండ్‌లలో 46 వేలకు పైగా గర్భిణులతో ఇన్‌ఫాంట్ అనే పెద్ద ట్రయల్ చేశారు, ఫలితాలు 2017లో వచ్చాయి. గ్రాఫుని చదివి హెచ్చరించే కంప్యూటర్ సాయం ఉన్నా లేకపోయినా పిల్లల ఫలితాల్లో తేడా కనపడలేదు. రాసింది పోకుండా దాచడం, లెక్కవేయడం, గుర్తుచేయడం కంప్యూటర్‌కి బాగా వచ్చు. కడుపు మీద చేయి వేసి చూడటం మన పనే.

బిడ్డకి సొంత నంబర్, తల్లితో ముడి

పుట్టగానే బిడ్డకి వేరే షీట్ తెరుచుకోవాలి, అది తల్లి షీట్‌కి కట్టేసి ఉండాలి. ఫలానా వారి పాప అని మాత్రమే రాసుకుంటే కవలలప్పుడు తిప్పలు మామూలుగా ఉండవు. తల్లి బ్లడ్ గ్రూప్, ఇన్‌ఫెక్షన్ల పరీక్షలు, షుగర్, వాడిన మందులు బిడ్డ డాక్టర్‌కి అడక్కుండానే కనపడాలి. బరువు గ్రాముల్లోనే తీసుకునేలా పెట్టండి. 3.2 అని ఒకరు, 3200 అని ఇంకొకరు కొడితే మందు డోసు లెక్కల్లో కొంప మునుగుతుంది. 2500 గ్రాముల లోపుంటే తక్కువ బరువు అని దానంతటదే గుర్తుపడాలి. పుట్టగానే బిడ్డ పరిస్థితికి వేసే ఆప్గార్ మార్కులు 1 నిమిషానికి, 5 నిమిషాలకి, అంతే.

ఆమె రహస్యం స్క్రీన్ మీద పెట్టకండి

గర్భిణి రికార్డులో ఉండేవి మామూలు సంగతులు కావు. గతంలో అబార్షన్, హెచ్‌ఐవీ పరీక్ష, ఇంట్లో కొడుతున్నారా అన్న ప్రశ్నకి ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు గొంతు తగ్గించి ఇచ్చిన జవాబు. కాగితం ఒక్కరి చేతిలో ఉంటుంది, స్క్రీన్ అయితే మన వెనక నిలబడ్డ అందరికీ కనపడుతుంది, భర్తకి, అత్తగారికి, పక్క మంచం వాళ్ళకి. మానిటర్ గోడవైపు తిరిగేలా పెట్టండి, రెండు నిమిషాలు ముట్టుకోకపోతే తాళం పడేలా చేయండి. ఇంటికి తీసుకెళ్ళే కార్డు మీద, ఫోన్‌కి వెళ్ళే మెసేజ్‌లో ఈ మూడూ రాకుండా ముందే ఆపండి. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో మనకి తెలీదు.

అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి గోడమీద అంటించే వార్డులు చూశాను. ఎవరి లాగిన్ వాళ్ళదే అయితేనే ఎవరు చూశారు, ఎవరు మార్చారు అన్నది తెలుస్తుంది. అయితే లాగిన్ అవడానికే నిమిషం పడితే ఎవరూ పాటించరు, కార్డు చూపిస్తే తెరుచుకునేలా ఉంటే మేలు.

కరెంటు పోయినరోజు

పోతుంది. నెట్ కూడా పోతుంది. మన కర్మకొద్దీ సర్వర్ అప్‌డేట్ శనివారం రాత్రే పెట్టుకుంటారు. లేబర్ రూమ్‌లో ఒక ఎర్ర ఫైలు ఉంచండి, అందులో ఖాళీ కేస్ షీట్లు, పార్టోగ్రాఫులు, ల్యాబ్ ఫారాలు, పెన్నులు. లోపల ఉన్న గర్భిణుల ముఖ్య వివరాలు ఒక్కొక్కరికీ ఒక పేజీ చొప్పున షిఫ్ట్ మారిన ప్రతిసారీ ప్రింట్ తీసి ఆ ఫైలులో పెట్టాలి, షిఫ్ట్ అయ్యాక పాతవి చింపేయాలి. మళ్ళీ కరెంటు వచ్చాక ఆ కాగితాలు ఎవరు ఎక్కించాలో పేరు రాసి ఉండాలి, లేకపోతే అందరూ ఇంకొకరు చేస్తారనుకుంటారు. బ్యాకప్ తీస్తున్నామని ఐటీ వాళ్ళు చెప్తే నమ్మండి, కానీ ఒక్కసారైనా మీ ఎదురుగా ఆ బ్యాకప్‌లోంచి ఒక పాత కేసు వెనక్కి తెప్పించి చూపించమనండి.

నేర్పించడం, ఆ తర్వాత లెక్కలు

బయటినుంచి వచ్చినవాళ్ళు ఒకరోజు ప్రొజెక్టర్ పెట్టి నేర్పిస్తే ఎవరికీ తలకెక్కదు. వార్డులోనే చురుకైన ఇద్దరిని ముందు తయారు చేయండి, అందులో ఒకరు తప్పకుండా నైట్ డ్యూటీలు చేసేవాళ్ళై ఉండాలి, ఎందుకంటే సందేహాలన్నీ రాత్రి రెండింటికే వస్తాయి. పెద్ద సిస్టర్లు టైపింగ్ రాదని వెనకాడతారు, వాళ్ళని పక్కన పెట్టకండి. ఏ గడి పనికిరానిదో అందరికన్నా బాగా చెప్పేది వాళ్ళే.

నెలాఖరు రిపోర్టు కోసం రెండురోజులు రిజిస్టర్లు ముందేసుకుని కూర్చునే బాధ పోతుంది, ఇది సిబ్బందికి వెంటనే కనపడే లాభం, దీన్ని బాగా చాటండి. అసలైన లెక్క ఇంకోటుంది. 2001లో మైకేల్ రాబ్సన్ అనే డాక్టర్ కాన్పులన్నిటినీ 10 గ్రూపులుగా విడగొట్టే పద్ధతి చెప్పారు, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్నే వాడమంది. దానికి కావాల్సింది ఆరు సంగతులే: ఇదివరకు కాన్పులయ్యాయా, సిజేరియన్ అయిందా, నొప్పులు వాటంతటవే వచ్చాయా, ఎన్ని వారాలు, కడుపులో ఎంతమంది, బిడ్డ ఎలా తిరిగి ఉంది. ఆరూ మీ ఎంట్రీలో ఉంటాయి, గ్రూపు దానంతటదే పడిపోతుంది. సిజేరియన్లు ఎక్కువవుతున్నాయని గాల్లో వాదించుకునే బదులు, మొదటి కాన్పుకి నెలలు నిండి నొప్పులు వాటంతటవే వచ్చి, ఒక్క బిడ్డ తల కిందికి ఉన్న మొదటి గ్రూపులో ఎన్ని ఆపరేషన్లయ్యాయో చూడొచ్చు. సంఖ్య పెరిగితే ఆ షీట్లే తెరిచి, ఎందుకు చేశారో కలిసి చదవొచ్చు. ఇలాంటి లెక్కలు వార్డుకే కాదు, దేశానికీ పనికొస్తాయి: నార్వే 1967 నుంచీ పుట్టిన ప్రతి బిడ్డ వివరాలూ దేశం మొత్తానికి ఒకే రిజిస్ట్రీలో పెడుతోంది. థాలిడోమైడ్ మందు వల్ల అంగవైకల్యంతో పిల్లలు పుట్టిన దారుణం తర్వాత, అలాంటిది మళ్ళీ వస్తే ముందే పసిగట్టాలని మొదలుపెట్టారు దాన్ని.

ఇక రిజిస్టర్ ఎప్పుడు ఆపాలి? రెండూ రాయడం ఎక్కువకాలం సాగనివ్వకండి, ఓ నాలుగు వారాలు చాలు. సాగితే కంప్యూటర్ ఎంట్రీ సాయంత్రం పనిగా మారిపోతుంది, మళ్ళీ టేబుల్, ఆపరేటర్, షీట్ల గుట్ట. ఆపే ముందురోజు మొదట్లో చేసినట్టే 50 కేసులు తీసి, రిజిస్టర్‌లో ఉన్నదీ స్క్రీన్ మీద ఉన్నదీ పక్కపక్కన పెట్టి సరిచూడండి, బ్లడ్ గ్రూప్, ఈడీడీ, పుట్టిన టైము. తేడాలుంటే ఏ గడి దగ్గర వస్తున్నాయో చూసి ఆ గడిని బాగుచేయించండి, ఇంకో రెండు వారాలు నడిపి మళ్ళీ 50 తీయండి. సరిపోయిన రోజున రిజిస్టర్‌లో ఆఖరి ఎంట్రీ కింద అడ్డగీత కొట్టి, తేదీ వేసి, బీరువాలో పెట్టి తాళం వేసేయండి.